కప్ప కారుకి కాంతం మామ్మ కమాను

కాంతం మామ్మకి కుడి కన్ను కొత్తది, ఎడమ కన్ను పాతది. కొత్తదంటే మళ్ళీ మొలిచిందని కాదు. వేసవిలో కళ్ళ శిబిరం వాళ్ళు బస్సెక్కించుకుపోయి, శుక్లం తీసి, లోపల చిన్న అద్దం పెట్టి, నల్ల కళ్ళజోడు తగిలించి ఇంటికి పంపిన కన్ను. కట్టు విప్పిన పూట ఆవిడ చేసిన గొడవ అంతా ఇంతా కాదు. సున్నం ఇంత తెల్లగా ఉంటుందా అని గోడలు తడిమింది. గిన్నెల అడుగున మసి ఉందని కోడల్ని కేకలేసింది, ఆ గిన్నెలు తోమింది తానే అయినా. ఆదివారం చర్చిలో, పాస్టరు గారి భార్య జుట్టుకి రంగేస్తుందని ప్రార్థన మధ్యలో పక్కావిడ చెవిలో ఊదింది. పక్కావిడకి వినపడలేదేమోనని ఇంకోసారి చెప్పింది. రెండోసారికి పాస్టరు గారి భార్యకి కూడా వినపడింది.

ఆవిడ తీరే అంత. వద్దన్న పని ముందు చేస్తుంది, ఎందుకు వద్దన్నారో తర్వాత అడుగుతుంది.

నరసన్నపేటలో హైవే పక్కన 'ఎలీషా కమాన్ వర్క్స్' అని తుప్పు పట్టిన బోర్డు ఉంది. లారీకి ఇరుసు పైన ఒకదాని మీద ఒకటి పేర్చి బిగించిన వంపు తిరిగిన ఉక్కు పట్టీలుంటాయి, వాటినే కమాన్లంటారు. గోతిలో పడ్డా, గట్టెక్కినా దెబ్బంతా అవే తింటాయి. తిని తిని వంపు పోయిన పట్టీలని కొలిమిలో కాల్చి, ఇనుప దిమ్మ మీద సమ్మెటతో కొట్టి, మళ్ళీ వంపు తెప్పించే షెడ్డు అది. ఎలీషా తాత పట్టుకారుతో పట్టీ పట్టుకుంటే, కాంతం మామ్మ సమ్మెట ఎత్తి కొట్టేది. మొగుడిని తిట్టాలనిపించిన రోజున ఇంకాస్త గట్టిగా కొట్టేదట. తాత పట్టుకారు కొద్దిగా జరిపేవాడు.

తాత పోయాక షెడ్డు మూతపడుతుందనుకున్నారంతా. "సమ్మెట నాది, దిమ్మ నాది. పట్టుకారొక్కటే కదేటి ఆయనది? అది కూడా నానే పట్టుకుంటాను" అని, సమ్మెటకి గోపి అనే బలమైన మనిషిని పెట్టుకుంది. కొత్తగా వచ్చిన లారీ డ్రైవర్లు "ఓనరు గారు లేరా?" అనడిగితే, "సమాధుల తోటలో ఉన్నారు, ఎల్లి మాట్లాడుకో" అనేది. ఇనుము నిప్పులో ఎప్పుడు తిప్పాలో గడియారం చూసేది కాదు, కీర్తన పాడేది. చరణాల లెక్కన పట్టీ తిప్పేది. గోపి వాళ్ళది పైడితల్లిని కొలిచే ఇల్లు. అయినా కొలిమి దగ్గర నిలబడి నిలబడి, చర్చిలో వాళ్ళకంటే వాడికే కీర్తనలు బాగా వచ్చేశాయి.

అలాంటి షెడ్డు ముందుకి ఒక పొద్దున రాజాం గంగరాజు వచ్చాడు. సొంత లారీ మీద మిల్లుల నుంచి బియ్యం తోలుకునే మనిషి. ఎప్పుడొచ్చినా "అక్కా, టీ పెట్టించు" అంటూ దిగేవాడు. ఆ రోజు అక్కా అనలేదు. ఈమధ్యే ఇక్కడ బాగుచేయించుకుని, ఇప్పుడు రెండు ముక్కలైన కమాను పట్టీని దిమ్మ ముందు దబ్బున పడేశాడు.

"సూడు నీ పని. లోడుతో వస్తంటే పుటుక్కున ఇరిగిపోనాది. బండి ఒరిగి సెట్టుకి ఆనుకున్నాది కాబట్టి బతికినాను. నేకపోతే నా పెళ్ళాం ఏటైపోను?"

కాంతం మామ్మ ముక్క ఎత్తి విరిగిన చోటు చూసింది. ఉక్కు పంచదార పలుకుల్లా తళతళలాడుతోంది. ఆవిడకి ఇంక ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. పట్టీకి నిప్పు రెండు సార్లు చూపించాలి. మొదటిసారి ఎర్రగా కాల్చి నూనె తొట్టెలో ముంచితే అది గాజులా బిరుసెక్కుతుంది. రెండోసారి నిదానంగా వెచ్చబెట్టి ఆ బిరుసు దింపాలి. దిగకపోతే బరువు పడగానే ఇలాగే విరుగుతుంది. రెండో నిప్పు చాలలేదన్నమాట.

చుట్టూ చేరినవాళ్ళు పెద్ద పోట్లాట చూద్దామని కాచుకున్నారు. కాంతం మామ్మ ముక్క కింద పెట్టి, "తప్పు నాదే" అంది.

అందరూ నీరుగారిపోయారు.

"కొత్త పట్టీ సేసిస్తాను" అంది.

"వొద్దు. నీ సేతిదింక నా బండికి ఎక్కదు" అని గంగరాజు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఆ మాట హైవే పొడుగునా పాకింది. లారీలు షెడ్డు ముందు ఆగడం మానేశాయి. పక్కనే స్పేర్ పార్టుల కొట్టు నడుపుతున్న ఆవిడ కొడుకు బెన్హర్ ఇదే అదననుకున్నాడు. వాడు చెడ్డవాడేమీ కాదు. తల్లి అంటే ప్రాణం, తల్లి మాట అంటే భయం. మధ్యాహ్నం అన్నం దగ్గర మెల్లగా మొదలెట్టాడు.

"అమ్మా, కొలిమి ఆర్పేద్దామే. ఫ్యాక్టరీ కమాన్లు తెప్పిస్తాను. బిగించి పంపేద్దాం. నిప్పెందుకు, పొగెందుకు?"

"ఫ్యాక్టరీలో మరి మంచు మీద సేస్తారేటిరా?"

"నీకు సరిగ్గా కనపడతన్నేదు."

"కనపడకపోవడమేటి? ఇన్నాళ్ళ కంటే ఇప్పుడే బాగా కనపడతన్నాది. నీ పళ్ళెంలో పచ్చిమిరపకాయ దాసేసినావు, అది కూడా కనపడతన్నాది."

బెన్హర్ చెయ్యి కడుక్కున్నాడు. "ఈసారి సెట్టు అడ్డొచ్చినాది. ఇంకోసారి సెట్టుండదు. మనిషి పోతే తప్పు నాదే అంటే సరిపోదు కదా" అన్నాడు.

కాంతం మామ్మ మజ్జిగ గ్లాసెత్తి గట్టిగా జుర్రింది. ఆ రోజు జుర్రిన చప్పుడు వీధి చివరికి వినపడి ఉంటుంది.

ఇలా ఉండగా ఒక ట్రాక్టరు తాడేసి ఒక వింత బండిని లాక్కొచ్చింది. పొట్టిది, ఎర్రది, పైకప్పు లేదు, రెండే సీట్లు. ముందు దీపాలు రెండూ మూతి మీదకి పొడుచుకొచ్చి, అచ్చం వానకి బయటికొచ్చిన కప్పలా ఉంది. ఎడమవైపు వెనక చక్రం లోపలికి వాలిపోయింది. డ్రైవరు సీట్లో తలకి గుడ్డ కట్టుకుని ఒక పెద్దావిడ కూర్చుని, తాడు వదులైనప్పుడల్లా ట్రాక్టరతన్ని అదిలిస్తోంది.

ఆవిడ పేరు సుహాసిని. విజయనగరం కాలేజీలో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైంది. బండి వాళ్ళ నాన్నగారిది. తమ్ముడి పిల్లలు అమ్మెయ్యమని పోరుతుంటే, వాళ్ళకి వినపడనంత దూరం పోయి రావడానికి అదే బండి వాడుతుంది. ఆ రోజు కళింగపట్నం సముద్రం చూద్దామని బయలుదేరింది. దారిలో ఒక ఊరివాళ్ళు రాత్రికి రాత్రి సిమెంటుతో స్పీడు బ్రేకరు పోశారు, దానికి రంగు వెయ్యలేదు. బండి ఎగిరింది, దిగడం మాత్రం కాలవ గట్టు మీద దిగింది.

బెన్హర్ బయటికొచ్చి చుట్టూ తిరిగి చూశాడు. "మేడమ్, ఇది ఇంగ్లండు బండి. పార్టులు అక్కణ్ణించే రావాలి."

"తెలుసు బాబూ. మొన్నొకటి తెప్పిస్తే వేరే బండిది పంపించారు. అది తిరిగి వెళ్ళి ఇంకా రాలేదు. ఇక్కడ కొలిమి ఉందన్నాడు ఇతను."

"మూసేశామండీ."

"ఎవడ్రా మూసింది?" అని షెడ్డు లోపలి నుంచి వినపడింది.

కాంతం మామ్మ చీర కుచ్చెళ్ళు దోపుకుంటూ వచ్చింది. గోపి జాకీ పెట్టి బండి ఎత్తాడు. మామ్మ కిందకి దూరి, కాళ్ళు మాత్రం బయటికి కనపడేలా పడుకుంది. కాసేపటికి లోపలి నుంచి నవ్వు.

"ఓలమ్మో! దీనికి సగం కమానే ఉన్నాది. మిగతా సగం ఎవుడు తినేసినాడు?"

లారీ కమాను రెండు చివర్లా పట్టుకుని, నడుమ ఇరుసుని మోస్తుంది. దీనిది ముందు కొస మాత్రం బండి ఒంట్లో గట్టిగా బిగించి ఉంది, వెనక కొస ఒంటరిగా ఇరుసుని మోస్తోంది. గోడకి కొట్టిన బల్ల చెక్కలాగ. పైన మాత్రం, ఇరుసు మెలి తిరగకుండా ఒక ఇనుప చెయ్యి ముందుకి చాచి పట్టుకుని ఉంది. కమాను పెద్ద పట్టీ వంగిపోయింది, ఆ చెయ్యి మోచేతి దగ్గర మడిచినట్టు ముడుచుకుపోయింది.

"తయారైనప్పుడే అలా చేశారు" అంది సుహాసిని, వంగి కిందకి చూస్తూ. "బరువు తగ్గుతుందనిట."

"పిసినారోళ్ళు" అని మామ్మ బయటికి జరిగింది. వీపంతా మట్టి. "సెయ్యి తిన్నగా సేసేస్తాను. పట్టీకి మాత్రం నిప్పు పెట్టాల. ముందొక మాట. మొన్ననే నా సేతి పట్టీ ఇరిగి ఒక లారీ ఒరిగిపోనాది. ఊరంతా తెలుసు. తెలిసే ఇస్తన్నావా?"

బెన్హర్ తల పట్టుకున్నాడు. ఇంత బాగా వ్యాపారం చేసే మనిషి జిల్లాలో ఇంకొకరు ఉండరు.

సుహాసిని మామ్మని పైకీ కిందకీ చూసింది. "ఎందుకు విరిగింది?"

"అదే తెల్దు."

"అయితే అది తెలుసుకున్నాకే నా దాన్ని నిప్పులో పెట్టండి. నాకేం తొందర లేదు. ఇంటికెళ్తే తమ్ముడి పిల్లలున్నారు."

బెన్హర్ తల్లిని పక్కకి లాగాడు. "అమ్మా, ఆవిడకేటైనా అయితే?"

"అయితే కొలిమి ఆర్పేస్తాను. నా సేత్తోనే నీళ్ళు పోస్తాను. నీ ఫ్యాక్టరీ కమాన్లు తెచ్చి పేర్చుకో. అవ్వకపోతే మాత్రం మళ్ళీ నా దగ్గిర ఆర్పడం మాటెత్తకూడదు. సరేనా?"

గోపి ఎదురుగా ఉన్నాడు, ట్రాక్టరతను ఎదురుగా ఉన్నాడు. బెన్హర్ సరే అన్నాడు.

సుహాసిని పేటలోనే తెలిసినవాళ్ళింట దిగింది. దిగిందన్న మాటే గానీ, పొద్దున్నే షెడ్డుకొచ్చి స్టూలు వేసుకుని కూర్చునేది. మామ్మ ముందు పాత లారీ పట్టీ ముక్క ఒకటి తీసి, నిప్పులో కాల్చి, నూనెలో ముంచి, రెండో నిప్పు పెట్టింది. గుమ్మానికి రేకు తలుపు మూయించి, చీకట్లో ఇనుము రంగు చూస్తూ నిలబడింది. రెండో నిప్పుకి ఆవిడ ఎదురుచూసే రంగొకటుంది. పాత చింతపండు రంగు అంటుంది దాన్ని. నలుపులోంచి ఎరుపు అప్పుడే తొంగి చూస్తుంటే పట్టీ తీసేయాలి. ఎలీషా తాతా అదే రంగుకి తీసేవాడు.

చింతపండు రంగు వచ్చింది. తీసింది. చల్లారాక గోపి సమ్మెటతో ఒక్కటిచ్చాడు. అప్పడంలా విరిగింది.

ఇంకోటి చేసింది. అదీ విరిగింది.

గోపి కీర్తన ఆపేశాడు. కాంతం మామ్మ నీళ్ళ కుండ దగ్గరికెళ్ళి, తాగకుండా గ్లాసు పట్టుకుని నిలబడింది. ఆవిడకి భయం వేసింది. మొగుడు పోయినప్పుడు కూడా ఇలాంటి భయం వెయ్యలేదు. అప్పుడు చేతులున్నాయి, పని ఉంది. ఇప్పుడు చేతులు అవే, నిప్పు అదే, రంగు అదే, ఇనుము మాత్రం మాట వినడం లేదు. ముసలితనం అంటే ఇదేనా అనుకుంది. అనుకున్నందుకు తనమీద తనకే కోపమొచ్చి, గ్లాసు నీళ్ళు గటగటా తాగేసింది.

"కాంతమ్మ గారూ, కళ్ళలో మందు వేసుకునే వేళైంది" అని సుహాసిని గుర్తుచేసింది. ఆ వేళ మామ్మకి గుర్తుండదు, సుహాసినికి వచ్చిన పూటే కంఠతా వచ్చేసింది. చరిత్ర చెప్పినావిడ కదా, వేళలు వదలదు.

"మందొకటి నా పేణానికి" అంటూనే మామ్మ కుడి కంట్లో రెండు చుక్కలు పోయించుకుంది. చురుక్కుమంది. ఆ కన్ను అరచేత్తో మూసుకుని, తిట్టుకుంటూ కొలిమి వైపు చూసింది. నిప్పులో ఇంకో పట్టీ ముక్క కాలుతోంది.

"ఏటిరా గోపీ, బ్లోయరు ఆపేసినావా? నిప్పు సల్లారిపోనాది."

"ఆపనేదు మామ్మా. ఇదిగో, తిరగతన్నాది."

మామ్మ అరచెయ్యి తీసింది. నిప్పు భగ్గున వెలుగుతోంది. మళ్ళీ మూసింది. నిప్పు మబ్బేసినట్టు దిగిపోయింది. తీసింది, మూసింది. ఎడమ కన్ను మూసి కుడి కన్నుతో చూసింది, అటు మార్చి ఇటు చూసింది. వయసులో ఉన్న పిల్లలు కన్నుకొట్టినట్టు ఆవిడ ఆ నిప్పుకేసి అలా కొడుతూనే ఉంటే గోపికి నవ్వాలో భయపడాలో తెలియలేదు.

"దొరికినాడు దొంగ!" అంది చివరికి.

సుహాసిని స్టూలు మీంచి లేచింది. "ఎవరు?"

"ఈ కొత్త కన్ను! దీనికి నిప్పు ముందే ఎర్రగా అవుపిస్తన్నాది. అయిపోయింది తీసెయ్, తీసెయ్ అంటున్నాది. ఈ పాత కన్నుకి ఇంకా నల్లగానే ఉన్నాది. నాను ఇన్నాళ్ళూ నేర్చుకున్న సింతపండు రంగు ఈ పాత కంటిదమ్మా. మసకలోంచి సూసి నేర్చుకున్నాను. శిబిరం ఓళ్ళు మసక తీసేసినారు, నాకు రంగు మారిపోనాది!"

సుహాసిని ఆ పట్టీని తన కళ్ళజోడు తీసి చూసింది, పెట్టుకుని చూసింది. "నాకు రెండు విధాలా ఒకేలా ఉంది."

"నీకు నిప్పుతో పనేటి? నీకు సముద్రం అవుపిస్తే సాలు" అంది మామ్మ. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది, అందుకే ఆ దెప్పిపొడుపు.

వెంటనే చీర చెంగు చింపి కుడి కంటి మీద అడ్డంగా కట్టేసింది. కొత్త కన్ను మూసి, పాత కన్నుతో రెండో నిప్పు చూసింది. చింతపండు రంగు వచ్చేసరికి కీర్తనలో ఇంకో చరణం ఎక్కువే పట్టింది. చల్లారాక గోపి సమ్మెట వేశాడు. పట్టీ వంగి, తిరిగి లేచింది. ఇంకోటి వేశాడు. లేచింది. గోపి ఎక్కడ ఆపేశాడో అక్కణ్ణించే కీర్తన అందుకున్నాడు.

అయినా కారు పట్టీని వెంటనే నిప్పులో పెట్టలేదు. ఇంకా కొన్ని ముక్కలు కాల్చి, కొట్టించి, నమ్మకం కుదిరాకే పెట్టింది. ముసలిదాని మొండితనం పేరుకే మొండితనం, లారీ ఒరిగిన సంగతి ఆవిడ ఒక్క నిమిషం మర్చిపోలేదు. నిప్పు పనంతా ఎడమ కన్నుతో చేసింది. పట్టీ వంపు తిన్నగా వచ్చిందా లేదా అన్నది మాత్రం ఎడమ కన్నుకి మసగ్గా ఉంటుంది, అప్పుడు చెంగు పైకి తోసి కుడి కన్నుతో చూసేది. ఒంటి కన్ను దొంగలా కట్టు పైకీ కిందకీ జరుపుకుంటూ పని చేస్తుంటే, దారిన పోయేవాళ్ళు తలుపు సందులోంచి తొంగి చూశారు. సినిమా టిక్కెట్టు కొన్నట్టు చూస్తారేటి అని వాళ్ళని కూడా అదిలించింది.

ఇంత చేసీ, మళ్ళీ ఒక తప్పు చేసింది. ఈసారి కన్నుది కాదు, పేట అలవాటుది. నరసన్నపేట హైవే మీద, పర్మిట్ కాగితంలో రాసిన బరువు మాత్రమే మోసిన లారీ ఇంతవరకూ పుట్టలేదు. అందుకని ఇక్కడ కమాను చేసేవాళ్ళెవరైనా అడక్కుండానే వంపు నాలుగు వేళ్ళు ఎక్కువ పెడతారు. చేతికి అలా వచ్చేస్తుంది. బిగించి, జాకీ దింపారు. కప్ప కారు ఎడమ వెనక కాలు పైకెత్తి, స్తంభం దగ్గర కుక్కలా నిలబడింది.

బెన్హర్ కొట్లోంచి చూసి గోడ వైపు తిరిగి నవ్వాడు.

"ఏంటిది?" అంది సుహాసిని.

"బరువు పడితే దిగుతాదమ్మా."

"ఏం బరువు? ఇందులో నేనొక్కదాన్నే. పోనీ ఒక సంచీ."

"సంచీలో ఏటుంటాది?"

"ఒక టవలు, రెండు అరటిపళ్ళు."

కాంతం మామ్మ బండి వంకా, సుహాసిని వంకా చూసింది. అరటిపళ్ళ బండికి బియ్యం లారీ కమాను పెట్టానని అర్థమైంది. "ఇప్పరా గోపీ" అంది. కుడివైపు చక్రం దగ్గర బాగున్న కమాను విప్పించి, దాని పక్కన దీన్ని పెట్టి, రెండూ ఒకే వంపుకి వచ్చేదాకా దించింది. వంపు దించాలంటే మళ్ళీ రెండు నిప్పులూ మొదటినుంచీ చేయాలి. చేసింది. గోపి గొణిగితే వాడి చేత కొత్త కీర్తన పాడించింది.

ఇరుసుని పట్టుకునే ఇనుప చెయ్యి పలచటి రేకుతో మడిచి చేసినది, నిప్పుకి ఆగదు. అందుకని చల్లగా ఉండగానే తిన్నగా తీసింది. వైసు దవడల మధ్య బిగించి, కొంచెం కొంచెంగా లాగి, తీసి ఆకాశం వైపు పెట్టి కొత్త కన్నుతో చూసి, మళ్ళీ బిగించి లాగింది. ఈ పనిలో కొత్త కన్నుకి సాటి లేదని ఒప్పుకుంది. ఒప్పుకున్న విషయం ఎవరికీ చెప్పలేదు. కుడివైపు చక్రం దగ్గరి ఇనుప చేతిని విప్పించి, దాన్నీ దీన్నీ జంటగా ఆనించి, రెండు కొసల్లోనూ బోల్టు దూర్చి చూసింది. ఆ కొసనా ఈ కొసనా బోల్టు వేలితో తోస్తే దూరిపోయేదాకా వదల్లేదు. మడత పడిన చోట చీలిక ఏమైనా ఉందేమోనని కిరసనాయిలు రాసి, తుడిచి, ముగ్గుపిండి చల్లి చూసింది. చీలిక ఉంటే లోపల దాక్కున్న నూనె పిండి మీద గీతలా తేలుతుంది. తేలలేదు.

బండి దింపారు. నాలుగు కాళ్ళ మీద నిలబడింది.

"ఎక్కండి" అంది సుహాసిని.

"నానెందుకు?"

"మీ కమాను మీద మీరే కూర్చోండి. ఆ రోజు నాతో అన్నారుగా, తెలిసే ఇస్తన్నావా అని. తెలిసే ఎక్కండి."

కాంతం మామ్మకి ఈ మనిషి నచ్చింది. ఎక్కింది. కూర్చుంటే నేల మీద చాప వేసుకున్నంత కిందకి ఉంది. రోడ్డు మీద పోయే మేక కూడా తనకంటే ఎత్తుగా కనపడింది. బెన్హర్ స్కూటరు తీసి వెనక బయలుదేరాడు. గెలుపు ఓటములు మర్చిపోయి, తల్లి క్షేమంగా దిగితే చాలు ప్రభువా అనుకుంటున్నాడని అతని పెదాలు చూస్తే తెలుస్తోంది.

ఆ రంగులేని స్పీడు బ్రేకరు కనపడింది. సుహాసిని కాలు బ్రేకు మీదకి పోయింది.

"ఏటి సేస్తన్నావు?"

"మెల్లగా ఎక్కిద్దామని..."

"మెల్లగా ఎక్కితే ఎద్దుబండి కూడా ఎక్కుతాది. అప్పుడెలాగ వచ్చినావో అలాగే ఎక్కించు. ఇరిగితే ఇక్కడే ఇరగాల, నువ్వొక్కదానివీ ఉన్నప్పుడు కాదు."

సుహాసిని ఆవిడ మొహం చూసింది. తలగుడ్డ బిగించుకుంది. కాలు బ్రేకు మీంచి యాక్సిలరేటరు మీదకి మార్చి గట్టిగా తొక్కింది.

బండి ఎగిరింది. కాంతం మామ్మ సీటు మీంచి లేచి, గాల్లో ఉన్నంతసేపూ "యేసయ్యా" అని, కింద పడగానే "ఒరే నీ..." అని పూర్తి చేసింది. వెనక కమాను కుంగి, లేచి, ఊగి, నిలబడింది. పక్కకి ఆపించి, మామ్మ రోడ్డు మీదే బండి కిందకి దూరింది. ఒక కన్నుతో చూసి, ఇంకో కన్నుతో చూసి, పట్టీ అంతా వేళ్ళతో తడిమింది. వెనక్కి తిప్పించి అదే స్పీడుతో మళ్ళీ ఎక్కించింది. ఆ తర్వాత మళ్ళీ. పొలంలో కలుపు తీస్తున్న ఆడవాళ్ళు పని మానేసి, ఈ ఇద్దరు ముసలాళ్ళకీ ఏ దెయ్యం పట్టిందా అని నడుం మీద చేతులేసుకుని చూశారు.

బెన్హర్ స్కూటరు ఆపి పరిగెత్తుకొచ్చాడు. "సాలమ్మా! సాలు! నువ్వే గెలిసినావు. దిగు!"

"దిగను" అంది మామ్మ. సుహాసిని వైపు తిరిగి, "నువ్వేదో సముద్రం సూడాలన్నావు కదా. కమానుకి ఇసక రోడ్డు కూడా సూపించాల" అంది.

ఎర్ర కప్ప కళింగపట్నం వైపు దూకింది. బెన్హర్ స్కూటరు పక్కన దుమ్ములో నిలబడిపోయాడు.

బెన్హర్ మాట నిలబెట్టుకున్నాడు. కొలిమి ఆర్పమని మళ్ళీ అనలేదు. గంగరాజు ఇంకా రాలేదు, కానీ అతని బావమరిది లారీ ఒకసారి వచ్చి, పని చేయించుకుని పోయింది. కాంతం మామ్మ ఆ పట్టీలు లారీకి ఎక్కించే ముందు ఒక్కొక్కటీ గోపి చేత సమ్మెటతో కొట్టించి పంపింది. ఇదివరకు అలా కొట్టించేది కాదు. ఇప్పుడు ప్రతి పట్టీకీ కొట్టిస్తుంది, గోపి ఎంత గొణిగినా సరే.

అయితే ఒక చిక్కు మిగిలింది. పాత కన్ను రోజురోజుకీ మసకబారుతోంది. కొలిమి అంచులు కలిసిపోతున్నాయి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఇంకెవరికీ తెలియదనుకుంటోంది. ఇంట్లో గుమ్మానికి భుజం కొట్టుకోవడం చూసి అందరికీ తెలిసింది.

ఒక మధ్యాహ్నం బెన్హర్ ఫోను పట్టుకుని షెడ్డులోకి వచ్చాడు. "అమ్మా, శిబిరం నుంచి నర్సమ్మ. ఎడమ కన్నుకి పిలస్తన్నారు. వచ్చే వారం బస్సంట."

కాంతం మామ్మ నిప్పు ముందు నిలబడి ఉంది. కుడి కన్ను మూసి చూస్తోంది, ఎడమ కన్ను మూసి చూస్తోంది.

"రానని సెప్పు."

"రానంటే ఎలాగమ్మా? గుడ్డిదానివైపోతావు."

"ఎప్పటికీ రానన్నానేటి? ఈ కొత్తది ఇంకా పని నేర్సుకుంటన్నాది. పాతది సింతపండు అన్నప్పుడు దీనికి ఎలాగ అవుపిస్తన్నాదో పట్టుకుంటన్నాను. ఇప్పుడిప్పుడే తెలస్తన్నాది. పండిన జీడిపండు రంగులా ఉంటన్నాది దీనికి. నేర్పించేది ఉండగా నేర్సుకోవాల గానీ, దాన్ని కోయించేస్తే ఇంకెవుడు సెప్తాడు దీనికి?"

"నేర్సుకోవడానికి ఎన్నాళ్ళు పడతాది?"

"మీ నాన్న పట్టుకారు పట్టుకోవడం నాకు ఎన్నాళ్ళు పట్టినాది? అన్నాళ్ళు."

బెన్హర్ తల్లిని చూశాడు. కొలిమిని చూశాడు. ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"నర్సమ్మా, ఇప్పుడు వీలవ్వదండి. ఆ... కాదండి, భయం కాదండి. పనుందండి ఆవిడకి. కొలిమి పని. ఆవిడే... అవునండి, ఆవిడే సేస్తారు. ఎప్పుడా? ఆవిడ సెప్పినప్పుడు నానే దగ్గరుండి తీసుకొస్తానండి."

"గుమ్మంలో నిలబడి కబుర్లేటిరా? నిప్పు మీద ఎండ పడతన్నాది, రంగు తెలస్తన్నేదు" అని కాంతం మామ్మ కేకేసింది. "లోపలికైనా రా, బయటికైనా పో."

బెన్హర్ ఫోను జేబులో పెట్టుకుని, లోపలికొచ్చి, రేకు తలుపు మూశాడు.